“కోస్ కోస్” అనే వేళ: చావుబతుకుల్లో ఉన్న పశువు కోషర్ అవుతుందా, ఎలా తేల్చుకోవాలి

ఇజ్రాయెల్‌లోని బ్నేయి బ్రాక్ ఊళ్ళో ఒక పెద్దాయన దగ్గర తొమ్మిదేళ్ళుగా కేర్‌గివర్‌గా చేస్తున్నాను. ఇంట్లో అందరూ ఆయన్ని సబా అంటారు, అంటే తాతయ్య. నేనూ అలాగే పిలుస్తాను. మొరాకోలో అట్లాస్ కొండల్లో పుట్టి, కుర్రవాడిగా ఇజ్రాయెల్ వచ్చి, నలభై ఏళ్ళు షోహెత్‌గా పనిచేశారు. షోహెత్ అంటే యూదుల ధర్మం ప్రకారం పశువుల్ని, కోళ్ళని కోసే మనిషి. చేతులు వణకడం మొదలవగానే ఎవరూ చెప్పకుండానే కత్తి పక్కన పెట్టేశారు. తల మాత్రం ఇప్పటికీ చురుకే. రోజూ సాయంత్రం తల్మూద్ అనే యూదుల పాత ధర్మగ్రంథంలో హులిన్ అనే భాగం తెరిచి పైకి చదువుతారు, నేను పేజీలు తిప్పుతాను. నాకు వచ్చిన హిబ్రూలో సగం అలా వచ్చిందే.

ఒకరోజు చదువుతూ చదువుతూ “కోస్ కోస్” అన్నారు. చటుక్కున తలెత్తాను. ఏంటి సబా, ఏమన్నారు అని అడిగితే, “కోసెయ్యి, కోసెయ్యి అని అర్థం” అన్నారు. మా భాషలోనూ కోయడమంటే అదే అని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. రెండు భాషలకీ చుట్టరికం ఏమీ లేదు, ఏదో అలా కలిసింది. కానీ ఆ రోజు నుంచి ఈ విషయం నాకు సొంతమైపోయింది. పశువు కొన ఊపిరితో ఉంది, యజమాని పరుగెత్తుకొచ్చి “చచ్చిపోతోంది, త్వరగా కోసెయ్యండి” అంటాడు. అప్పుడు కోస్తే ఆ మాంసం కోషర్ అవుతుందా, అంటే యూదుల ధర్మం ప్రకారం తినొచ్చా, తినకూడదా? దీని గురించే హులిన్‌లో పేజీలకు పేజీలు ఉన్నాయి.

ఇక్కడ పల్లెల్లో, ఫారాల్లో పనిచేసే మనవాళ్ళు కొందరు నన్ను ఇదే అడుగుతుంటారు. వాళ్ళ కోసం, సబా దగ్గర నేర్చుకున్నది నేర్చుకున్నట్టు రాస్తున్నాను.

ముందు మన హద్దు తెలుసుకుందాం. కత్తి మనం ముట్టకూడదు. యూదుడు కానివాడు కోస్తే, ఎంత పద్ధతిగా కోసినా, పక్కన ఎవరు నిలబడి చూసినా, అది నెవేలాయే. హులిన్ మొదటి మిష్నాలోనే (తల్మూద్ చర్చలకి మూలమైన పాత వాక్యాన్ని మిష్నా అంటారు) ఆ మాట ఉంది. నెవేలా అంటే సరైన కోత లేకుండా చచ్చిన పశువు కళేబరం. యూదుల్లో కూడా చదివి, పరీక్షలో నెగ్గి, పెద్దల దగ్గర అనుమతిపత్రం తీసుకున్నవాళ్ళే కోస్తారు. మన పని చూడటం, గుర్తుపెట్టుకోవడం, అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పడం. అది చిన్న పనేమీ కాదు. ఈ విషయంలో సగం ఫలితం చూసే కళ్ళ మీదే ఆధారపడి ఉంటుంది.

మూడు మాటల మధ్య తేడా

నెవేలా గురించి చెప్పాను. రెండోది త్రేఫా. పశువు బతికే ఉంటుంది, కానీ దాని శరీరంలో ప్రాణం తీసే లోపం ఒకటి ఉంటుంది. మెదడు పొరకి చిల్లు, ఆహారనాళానికి చిల్లు, వెన్నుపాము తెగడం, వేటజంతువు గోళ్ళు దిగడం, పైనుంచి పడి లోపల నలిగిపోవడం లాంటివి. వీటిని 8 రకాలుగా లెక్కపెడతారు. త్రేఫాని ఎంత అందంగా కోసినా తినడానికి పనికిరాదు. కాళ్ళు తన్నుకుందా లేదా అన్న ప్రశ్నే రాదు.

మూడోది మెసుకెనెత్. అపాయంలో ఉన్నది అని అర్థం. లోపల ఏ లోపమూ కనపడదు. రోగంతోనో, నీరసంతోనో, దెబ్బతినో చావుకి దగ్గరపడింది, అంతే. ఈ మెసుకెనెత్‌ని కోయొచ్చు, తినొచ్చు. కాకపోతే, కోత పూర్తయ్యేదాకా అది ప్రాణంతోనే ఉందని పశువే చూపించాలి. మనం ఊహించుకుంటే సరిపోదు.

తినొచ్చని ఎలా తెలిసిందో చెప్పే చోటే ఆ “కోస్ కోస్” వస్తుంది. బైబిల్‌లో యెహెజ్కేలు 4:14లో ప్రవక్త దేవుడితో అంటాడు: చిన్నప్పటి నుంచి నేటిదాకా చచ్చినదాన్ని గాని, మృగాలు చీల్చినదాన్ని గాని నేను తినలేదు అని. అవి ఎవరికైనా నిషేధమే కదా, తినకపోవడంలో ప్రవక్త గొప్పేముంది అని తల్మూద్ అడుగుతుంది. జవాబు కూడా తనే చెబుతుంది: “కోస్ కోస్” అంటూ హడావిడిగా కోసిన పశువు మాంసం కూడా ఆయన ముట్టలేదట, గొప్ప అక్కడుంది. అంటే మామూలు మనిషికి అది నిషేధం కాదనేగా? నిషేధమే అయితే ఆయన మానుకోవడం విశేషమే కాదు. ఈ తర్కం విన్న రోజు రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. ఒక మనిషి తినకుండా మానుకున్నదాన్ని పట్టుకుని, ఊరందరికీ తినొచ్చనే అనుమతిని వెతికి తీశారు.

ముందు చూడాల్సింది: నిలబడుతుందా?

పశువు మెసుకెనెత్ అవునా కాదా అన్నది ముఖం చూసి తేల్చరు. జ్వరం ఎంతుంది, మేత తింటోందా అన్నవీ కొలమానం కాదు. ఒకటే పరీక్ష. లేపితే నిలబడుతుందా? యోసెఫ్ కారో రాసిన షుల్హాన్ అరూఖ్ అనే ధర్మశాస్త్రం మొదటిసారి వెనిస్‌లో 1565లో అచ్చయింది. అందులో యోరే దేయా అనే భాగం 17వ అధ్యాయం మొత్తం ఈ విషయమే. గదిమినా, కర్రతో అదిలించినా లేచి నిలబడకపోతే అది మెసుకెనెత్ అని అక్కడ ఉంది. ఆరోగ్యంగా ఉన్న పశువులాగే మేత తింటున్నా సరే.

ఈ “తింటున్నా సరే” అన్న మాట మీద తల్మూద్‌లో పోలికలు భలే ఉంటాయి. కర్రముక్కలు నమిలేంత సత్తువ ఉన్నా నిలబడకపోతే మెసుకెనెతే అని ఒకరంటారు. ఇంకొకరు, ఇంటి దూలాలు నమిలినా సరే అంటారు. నాకు తెలిసిన పొరపాట్లలో ఎక్కువ ఇక్కడే జరుగుతాయి. “పొద్దున గడ్డి తిందండీ, బాగానే ఉంది” అంటారు యజమానులు. తినడం లెక్కలోకి రాదు.

అదిలించమన్నారు కదా అని చావగొట్టకూడదు. సబా అయితే ముందు గట్టిగా పిలిచేవారట, తర్వాత చప్పట్లు, ఆ తర్వాత కర్ర కొసతో తుంటి మీద చిన్నగా తట్టడం. ఆపైన ఇంకేం లేదు. పట్టుకుని లేపి, వదలగానే కూలబడితే అది నిలబడినట్టు కాదు. తనంతట తను నిలబడాలి.

ఫారంలో ఉన్న మనవాళ్ళకి నేను మొదట చెప్పేది: టైమ్ చూసి గుర్తుపెట్టుకోండి. చివరిసారి తనంతట తను ఎప్పుడు లేచింది? ఎన్ని అడుగులు వేసింది? ఎక్కడినుంచైనా పడిందా? పడితే లెక్క మారుతుంది. 10 బెత్తెల (వాళ్ళ లెక్కలో 10 పిడికిళ్ళ) ఎత్తు నుంచి పడిన పశువుకి లోపల నలిగిందేమోనన్న త్రేఫా అనుమానం వస్తుంది. లేచి నడిస్తే ఆ అనుమానం పోతుంది. లేచింది గాని నడవలేదంటే, కోశాక లోపల వెతికి చూడాలి. అసలు లేవలేదంటే 24 గంటలు ఆగి, అప్పుడు కోసి, లోపల వెతకాలి. “పడింది” అన్న ఒక్క మాట మీరు చెప్పకుండా వదిలేస్తే షోహెత్‌కి ఇదంతా తెలిసే దారే లేదు.

ఆరోగ్యంగా ఉన్న పశువుని కోస్తే, కోసేటప్పుడు అది కదలకపోయినా ఇబ్బంది లేదు. మిష్నా ఆ మాట చివర్లో స్పష్టంగా చెబుతుంది. ఈ గుర్తులన్నీ మెసుకెనెత్‌కే.

కత్తి దగ్గర తొందరపడకూడదు

“చచ్చిపోతోంది” అన్న కేక వినగానే చేతికి తొందర వస్తుంది. ధర్మం మాత్రం ఒక్క మెట్టు కూడా తగ్గదు. కత్తికి గంటు ఉండకూడదు. వేలి కండ మీద, గోరు మీద, అంచు మూడు వైపులా నడిపించి చూడాలి. మొత్తం 12 సార్లు. సబా ఇప్పటికీ వంటింట్లో ఉల్లిపాయలు తరిగే కత్తి చేతికి వచ్చినా బొటనవేలి గోరు మీద మెల్లగా లాగి చూస్తారు. ఒకసారి నా గోరు మీద పెట్టి లాగి చూపించారు. కంటికి నున్నగా ఉన్న అంచు గోరు మీద ఒకచోట సన్నగా పట్టుకుంది. వెంట్రుకవాసి ఉంటుందేమో. “నాకు ఇది చాలు, ఆవు మొత్తం పోవడానికి” అన్నారు.

కోత అయిదు రకాలుగా చెడుతుంది. మధ్యలో ఆపడం, కత్తిని నొక్కడం, కత్తి చర్మం కిందో ఊలు కిందో దూరిపోవడం, మెడలో సరైన చోటు దాటి కోయడం, గొట్టాలు తెగకుండా పీక్కురావడం. నీరసించిన పశువు దగ్గర మొదటి రెండూ ఎక్కువ జరుగుతాయని సబా అనుభవం. మెడ వేలాడిపోతుంది, బిగువు ఉండదు, చెయ్యి తెలియకుండానే నొక్కేస్తుంది. అందుకని తల పట్టుకునే మనిషి మెడని చాచి బిగువుగా ఉంచాలి. పశువుకి శ్వాసనాళం, ఆహారనాళం రెండూ సగానికి మించి తెగాలి. కోడికి రెండింట్లో ఒకటి సగానికి మించి తెగినా చాలు. కోశాక షోహెత్ వేలితో తడిమి, తెగాయో లేదో చూస్తాడు. కత్తిని మళ్ళీ పరీక్షిస్తాడు.

ఆశీర్వాదం సంగతి ఒకటుంది. మామూలుగా కోతకి ముందు చదువుతారు. పరీక్ష చేస్తేగాని కోషరో కాదో తెలియని పశువైతే, అష్కెనాజీల (యూరప్ యూదుల) సంప్రదాయం రాసిన రమా (ఆయన క్రాకోవ్‌లో ఉండేవారు) చెప్పేదేంటంటే, ఆశీర్వాదం లేకుండా కోసి, కోషర్ అని తేలాక వెంటనే చదవాలి. మీరు పక్కన నిలబడి ఉంటే, ఆయన ముందు నోరు విప్పలేదేంటని కంగారు పడొద్దు.

ఇక అసలు సంగతి: కాళ్ళు

కోత ముగిసే వేళకి పశువు కదలాలి. దీన్ని పిర్కూస్ అంటారు, మన మాటలో తన్నుకోవడం. కోత మొదలైనప్పుడు తన్నుకుని, ముగిసేసరికి అలాగే పడి ఉంటే చాలదు. కోత పూర్తి కాకముందే ప్రాణం పోయిందేమో, ఎవరు చెప్పగలరు? ఏ దశలో కదలాలన్న దాని మీద తల్మూద్‌లో పెద్ద వాదనే జరిగింది. చివరికి నిలబడింది రావా అనే పండితుడి మాట: ముగింపులో కదలాలి.

ఎలాంటి కదలిక అన్నది ఇంకా ముఖ్యం. ఇక్కడ హిబ్రూలో ముందుకాలిని చెయ్యి అంటారు, వెనకకాలినే కాలు అంటారు. తెలియకపోతే వాళ్ళ మాటలు తారుమారుగా అర్థమవుతాయి. నాకు మొదట అదే జరిగింది.

ఆవు, ఎద్దు లాంటి పెద్ద పశువైతే ముందుకాలు గాని వెనకకాలు గాని చాచినా చాలు, ముడిచినా చాలు. చాచి మళ్ళీ ముడవక్కర్లేదు. ఏ కాలూ చాచకుండా, ముడవకుండా పడి ఉంటే నెవేలా.

గొర్రె, మేక అయితే కథ వేరు. వెనకకాలు చాచినా, ముడిచినా సరే. ముందుకాలు మాత్రం చాచి వెనక్కి తీసుకోవాలి. చాచి అలాగే వదిలేస్తే చెల్లదు. ఎందుకంటే అది తన్నుకోవడం కాదు, ప్రాణం పోతూ పోతూ చాచిన కాలు. మిష్నా ఆ మాటే అంటుంది: అది ప్రాణం బయటికి పోవడమే అని. మనమూ చచ్చినవాణ్ణి కాళ్ళు బారచాపాడు అంటాం కదా. ఈ నియమం చదివినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

కోడి లాంటి పక్షికి చాలా తక్కువ చాలు. కనురెప్ప ఒక్కసారి కొట్టుకున్నా సరే, తోక కదిలినా సరే.

ఈ లెక్క 12వ శతాబ్దంలో రంబమ్ అనే యూదు పండితుడు తన ధర్మసంహితలో ఇలా తేటగా రాసిపెట్టారు. అంతకుముందు మిష్నాలో వాదనలు చాలా ఉన్నాయి. రబ్బాన్ షిమోన్ బెన్ గమ్లియేల్ ముందుకాలూ వెనకకాలూ రెండూ కొట్టుకోవాలన్నారు. రబ్బీ (అంటే ధర్మం చెప్పే గురువు) ఎలియెజెర్ రక్తం చిమ్మితే చాలన్నారు. రబ్బీ షిమోన్ ఇంకా ముందుకెళ్ళి, రాత్రి కోసి పొద్దున లేచి చూస్తే గోడల నిండా రక్తం ఉంటే కోషరే అన్నారు, రక్తం చిమ్మిందని గోడే చెబుతోంది కాబట్టి. పండితులందరూ కలిసి ముందుకాలో, వెనకకాలో ఏదో ఒకటి కదలాలి, లేదా తోక ఆడించాలి అన్నారు. అరుపు లెక్కలోకి వస్తుందా అన్న చర్చ కూడా ఉంది. బలంగా అరవడం వేరు, నీరసంగా మూలగడం వేరు అని విడదీశారు. సబా మాత్రం అరుపుని నమ్ముకునేవారు కాదు. కాళ్ళే చూడమంటారు.

రక్తం రాలేదని కంగారు పడేవాళ్ళూ ఉన్నారు. రక్తం రాకపోయినా కోత చెల్లుతుందని పక్క మిష్నాలోనే ఉంది. కాబట్టి రక్తం కాదు, కదలిక.

అందుకే సబా పద్ధతి ఒకటుంది. మెసుకెనెత్‌ని కోసేటప్పుడు కాళ్ళు కట్టనిచ్చేవారు కాదు, గట్టిగా పట్టుకోనిచ్చేవారూ కాదు. పట్టుకుంటే కదిలింది పశువు కాలా, పట్టుకున్నవాడి చెయ్యా అన్నది తెలియదు. పైగా కోసేవాడి చూపు మెడ మీద ఉంటుంది, ఉండాలి కూడా. అందుకని ఇంకొకరిని కాళ్ళ వైపు నిలబెట్టి, ముందుగానే చెప్పేవారు: “నువ్వు కత్తిని చూడకు. నన్ను చూడకు. కాళ్ళు మాత్రం చూడు. నేను అయిందనేదాకా రెప్ప వేయకు.” కోత ముగియగానే అడిగేవారు: ఏ కాలు? చాచిందా, ముడిచిందా? ఎప్పుడు? మూడింటికీ జవాబు రావాలి.

లాంతరు ఆరిపోయిన రాత్రి

ఈ పద్ధతి ఆయనకి ఊరికే రాలేదు. కుర్రతనంలో నెగెవ్‌లో కొత్తగా కట్టిన ఒక మొషావ్‌లో ఉండేవారట. మొషావ్ అంటే రైతులంతా కలిసి వేసుకున్న ఊరు. ఒక రాత్రి పొరుగాయన తలుపు తట్టాడు. మేకకి కడుపుబ్బరం, డప్పులా ఉబ్బిపోయింది, లేవట్లేదు. ఆ ఇంట్లో ఆరుగురు పిల్లలు. పాలిచ్చే మేక అదొక్కటే. అది ఎలాగూ పోతుంది, కనీసం మాంసమైనా దక్కాలని ఆయన ఆశ.

సబా కత్తి తీసుకుని వెళ్ళారు. పిలిచారు, తట్టారు, మేక లేవలేదు. కొట్టంలో ఒకటే లాంతరు. రాత్రి కోయాలంటే దివిటీ లాంటి వెలుతురు ఉండాలని షుల్హాన్ అరూఖ్‌లో ఉంది. అది ఆయనకి తెలుసు. కానీ మేక అప్పటికే కళ్ళు తేలేస్తోంది, ఇంకో దీపం తెచ్చేదాకా ఆగుతుందో లేదో. కోశారు. సరిగ్గా కోత ముగుస్తుండగా గాలి విసిరి లాంతరు ఆరిపోయింది. చీకట్లో నేల మీద ఏదో రెండుసార్లు కొట్టుకున్న చప్పుడు. మేక కాలా? పొరుగాయన చెప్పు మార్చి మోపాడా? అగ్గిపుల్ల గీసేసరికి ముందుకాలు ముందుకి చాచి ఉంది. కదలట్లేదు.

గోడ మీద రక్తం చిమ్మి ఉంది. పొరుగాయనకీ మిష్నా తెలుసు. “చూడు, గోడ చూడు, రబ్బీ షిమోన్ చెప్పాడుగా” అని బతిమాలాడట. సబా కాసేపు మాట్లాడలేకపోయారు. రంబమ్‌లో ఈ సందర్భం సూటిగా ఉంది: రాత్రి మెసుకెనెత్‌ని కోసి, తన్నుకుందో లేదో తెలియకపోతే అది నెవేలా అయ్యుండొచ్చన్న సందేహం, తినకూడదు. తీర్పు రబ్బీ షిమోన్ మాట మీద నడవదు. “నిషేధం” అని చెప్పి బయటికొచ్చి, కొట్టం గోడకి ఆనుకుని ఏడ్చానని సబా నాతో అన్నారు. మేక మీద కాదు, ఆ ఆరుగురు పిల్లల మీద. తర్వాత ఆరు నెలలు తన కూలిలోంచి కొంత కొంత ఆ ఇంటికి ఇచ్చారు. తప్పు తనదని ఆయన లెక్క. రెండో దీపం అడగకపోవడం తప్పు. కాళ్ళ వైపు మనిషిని పెట్టకపోవడం ఇంకా పెద్ద తప్పు. ఆ తర్వాత ఎప్పుడూ రెండు లాంతర్లు, ఒక చూసే మనిషి లేకుండా రాత్రి కోయలేదు.

కొయ్యకపోవడమే మేలా?

రంబమ్ ఇంకో మాట రాశారు. మెసుకెనెత్ తినొచ్చు గానీ, గొప్ప పండితులు “చావకముందే” అని తొందరపడి కోసిన పశువు మాంసం, ముగింపులో తన్నుకున్నా సరే, తినేవారు కాదట. నిషేధం లేదు, కానీ ఎవరైనా తనకి తాను నియమం పెట్టుకుంటే మెచ్చుకోవచ్చు అని. యెహెజ్కేలు దారి అది. సబా కూడా తినేవారు కాదు. కానీ ఎవరి ఇంట్లోనైనా పేదవాడి పశువు పోతుంటే ఆయనే పరుగెత్తి వెళ్ళి కోసేవారు. తన కంచానికి ఒక నియమం, ఎదుటివాడి కష్టానికి ఇంకో నియమం. ఈ మనిషి మీద నాకు గౌరవం అక్కడ పుట్టింది.

పండగ రోజుల్లో కూడా యజమాని నష్టాన్ని ఎంత పట్టించుకున్నారో బెయిత్సా అనే భాగంలో ఉంది. పండగనాడు మెసుకెనెత్‌ని కోయాలంటే, చీకటి పడేలోగా అందులోంచి ఆలివ్ కాయంత ముక్క కాల్చి తినేంత టైమ్ మిగిలి ఉండాలి. రబ్బీ అకీవా అయితే కోసిన చోటి నుంచి ఆలివ్ కాయంత పచ్చిది తినే టైమున్నా చాలన్నారు. పొలంలో కోస్తే కావడి మీద మోసుకురాకూడదు, ముక్కలు ముక్కలుగా చేత్తో తేవాలి. పండగపూట బరువులు మోస్తున్న హడావిడి కనపడకూడదని.

యోమ్ కిప్పూర్ ముందు కోడి

ఇది నా కళ్ళ ముందు జరిగింది. యోమ్ కిప్పూర్‌కి (యూదుల ప్రాయశ్చిత్త దినానికి) ముందు రోజుల్లో ఇక్కడ కపరోత్ అనే ఆచారం జరుగుతుంది. కోడిని తల చుట్టూ తిప్పి, కోయించి, పేదలకి ఇస్తారు. వీధిలో ప్లాస్టిక్ డబ్బాల్లో కోళ్ళు ఒకదాని మీద ఒకటి. ఎండ. సబాని వీల్‌చైర్‌లో తీసుకెళ్ళాను. మాకు ఇచ్చిన కోడి చేతిలో మరీ మెత్తగా ఉంది, తల వాల్చేసింది. సబా “కింద పెట్టు” అన్నారు. పెట్టాను. కూలబడింది. చిటిక వేసి చూశాను, లేవలేదు. వెనక లైన్‌లో జనం తొందరపెడుతున్నారు. సబా ఆ కుర్ర షోహెత్‌ని పిలిచి మెల్లగా అన్నారు: “నాయనా, ఇది మెసుకెనెత్. ఈ గుంపులో దీని కన్ను ఎవరు చూస్తారు? పక్కన పెట్టు.” ఆ అబ్బాయి మారుమాట లేకుండా పక్కన పెట్టి ఇంకో కోడిని ఇచ్చాడు.

నేను బాటిల్ మూతలో నీళ్ళు పోసి ఆ కోడి ముక్కు దగ్గర పెట్టి నీడలో ఉంచాను. మొదట ముక్కు తడిసింది గానీ తాగలేదు. తర్వాత రెండు చుక్కలు, ఆ తర్వాత మూత ఖాళీ. అరగంటకి లేచి రెండడుగులు వేసింది. దాహమే దాన్ని పడేసింది. అయినా సబా షోహెత్‌కి కబురు పెట్టారు: దీన్ని కోసేటప్పుడు మాత్రం ముగింపులో రెప్ప చూడు, తోక చూడు. నన్నే చూడమన్నారు. కోత ముగిసే వేళకి రెప్ప రెండుసార్లు కొట్టుకోవడం, తోక ఈకలు విసనకర్రలా విచ్చుకోవడం చూశాను. చెప్పాను. నా మాట తన చెవిన వేసుకుని, ఆ అబ్బాయి తను కూడా చూశానన్నాడు. తీర్పు ఆ షోహెత్ కంటిదే.

కదిలాక కూడా పని అయిపోదు. ఆవు, మేక, గొర్రె అయితే ఊపిరితిత్తులు చూడాలి, మిగతా పరీక్షలు మామూలు పశువుకి చేసినట్టే చేయాలి. తర్వాత నిషేధమైన కొవ్వు, తొడ నరం తీసి, నానబెట్టి, ఉప్పు పట్టించడం ఎప్పటి పద్ధతే.

కదలకపోతే? అది నెవేలా. యూదులు తినరు. ద్వితీయోపదేశకాండము 14:21 ప్రకారం పరదేశికి ఇవ్వొచ్చు, అమ్మొచ్చు. కానీ మనవాళ్ళకి నా మాట: రోగంతో పోయిన పశువు మాంసం ఫ్రీగా వస్తోంది కదా అని ఇంటికి తీసుకెళ్ళకండి. కోషర్ అయినా కాకపోయినా రోగం రోగమే.

ఇవాళ ఈ నియమాలు పెద్ద కబేళాల్లో పెద్దగా పనికొచ్చే సందర్భం రాదు. కోతకి ముందు పశువైద్యుడు చూస్తాడు. అమెరికాలో 2003 చివర్లో పిచ్చి ఆవు రోగం బయటపడ్డాక, లేవలేని ఆవుల్ని ఆహారం కోసం కోయడం మీద నిషేధం పెట్టారు. 2009లో దాన్ని ఇంకా బిగించి, వైద్యుడు చూశాక కూలబడిన ఆవుకి కూడా వర్తింపజేశారు. అక్కడ కోషర్ కబేళాకీ అదే చట్టం. ధర్మం తినొచ్చన్నా చట్టం వద్దంటే వద్దే. ఫారంలో పశువు పడిపోతే ముందు యజమానికి, ఆయన ద్వారా పశువైద్యుడికి ఫోన్ వెళ్ళాలి.

నాకు ఫోన్ చేసేవాళ్ళని నేను ఇప్పటికీ ఇవే అడుగుతాను, సబా అడిగించినట్టే. చివరిసారి తనంతట తను ఎప్పుడు నిలబడింది? ఎక్కడినుంచైనా పడిందా? కోసి ఉంటే, కాళ్ళ వైపు ఎవరున్నారు, ఏ కాలు కదిలింది, చాచి వెనక్కి తీసుకుందా? “గుర్తులేదన్నా” అంటే, అదే మాట షోహెత్‌కీ రబ్బీకీ చెప్పమంటాను. చూడనిది చూశానని చెప్పొద్దంటాను.